బోదురు కప్పలూ ఒక కొర్రమట్టా

మా ఇంటి పక్క ప్లాటులో అపార్ట్‌మెంట్ కోసం సెల్లార్ తవ్వారు. తవ్వినవాళ్ళు ఆ తర్వాత ఏమయ్యారో తెలియదు, గుంత మాత్రం నాలుగేళ్ళుగా మాతోనే ఉంది. మాది నాచారం నుంచి మల్లాపూర్ వైపు వెళ్ళే దారిలో చిన్న కాలనీ. ఎండాకాలంలో ఆ గుంతలో క్రికెట్ ఆడతారు. వానలు పడితే అది చెరువవుతుంది. మూడు వైపులా మట్టి నిటారుగా తెగి ఉంటుంది. రోడ్డు వైపు ఒక మూల మాత్రం కూలిపోయి వాలుగా తయారైంది.

నేను మల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో కొలతలు చూసే పని చేసి రిటైరయ్యాను. తయారైన ప్రతి ముక్కనూ కొలిచి, పుస్తకంలో రాసి, కింద సంతకం పెట్టడం నా ఉద్యోగం. డైరీ అలవాటు అంతకుముందు నుంచే ఉంది. వాన ఏ రోజు పడింది, మామిడికాయ పచ్చడి ఎన్నాళ్ళకు అయిపోయింది, ఎదురింటి కుక్క ఎన్నిటికి మొరుగుతుంది, ఇలాంటివన్నీ అందులో ఉంటాయి. గుంతలో కప్పలు కూడా మూడేళ్ళుగా ఉన్నాయి.

ఈ ఏడు రోహిణి కార్తె ఇంకా అయిపోకముందే పెద్ద వాన పడింది. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి గుంతలోంచి, కడుపునొప్పితో ఉన్న ఎద్దు మూలిగినట్టు చప్పుడు మొదలైంది. మా ఆవిడ డాబా మీద బట్టలు ఆరేస్తూ కిందికి చూసి నన్ను పిలిచింది.

"ఇగో, జర ఇటు రాండ్రి. గుంతల పసుపు ఎవరు పారబోసిన్రు?"

పసుపు కాదు, బోదురు కప్పలు. ఏడాదంతా బురద రంగులో, వీపు మీద సన్నటి గీతతో, ఉన్నాయో లేవో తెలియకుండా మట్టిలో పడుకునే కప్పలివి. మొదటి పెద్ద వానకు మగవాటికి ఒళ్ళంతా నిమ్మపండు రంగు వస్తుంది. గొంతుకు రెండు పక్కలా నీలం బుడగలు ఉబ్బుతాయి. ఈ వేషం కొద్ది రోజులే. ఆ కొద్ది రోజుల్లోనే అరవాలి, పోట్లాడాలి, పెళ్ళాడాలి. పసుపువి పదిహేడు లెక్కపెట్టాను. ఆడవి రంగు మార్చుకోవు కాబట్టి లెక్కకు దొరకలేదు.

జనగామ వైపు మా ఊళ్ళో ఇవి ఎంతగా ఉండేవంటే, ఎవరూ వాటిని చూసేవాళ్ళు కాదు. ఒకప్పుడు వీటి కాళ్ళు కోసి పెట్టెల్లో సర్ది విదేశాలకు పంపేవాళ్ళు. తర్వాత ప్రభుత్వం దాన్ని ఆపించింది. కాలేజీల్లో బల్లల మీద పరిచి కోసిన కప్పలకు లెక్కే లేదు. ఇప్పుడు కోసేవాళ్ళు తగ్గారు గానీ, నీళ్ళు నిలిచే జాగా తగ్గింది. వీటికి వాన నీటి గుంత కావాలి, అది ఒకటి రెండు నెలలు నిలవాలి. మా వైపు ఒక చోట నీళ్ళు రెండు నెలలు నిలిచాయంటే కాలనీ సంఘం మీటింగు పెట్టుకుంటుంది.

అలాగే పెట్టారు. ఆదివారం, నీళ్ళ ట్యాంకు కింద. అప్పటికి గుడ్లు పగిలి, నల్లటి తోకకప్పలు గుంత అంచుల్లో ఆవాలు చల్లినట్టు కనిపిస్తున్నాయి.

మా సంఘం ప్రెసిడెంట్ ఈ ఊరివాడే. కాలనీ కట్టకముందు ఈ భూముల్లో కొన్ని వాళ్ళ కుటుంబానివే, గుంత ఉన్న చోట వాళ్ళకు వరి పండేదట. నాకంటే పదిహేనేళ్ళు చిన్న. ఆయన నన్ను సారు అంటాడు, నేను తమ్మీ అంటాను.

"సారు, మీ కప్పల లొల్లికి మా అత్త పూజ మధ్యల లేసి ఉరికొచ్చింది. యముడు దున్నపోతు మీద వచ్చిండనుకుంది," అన్నాడు. "నీళ్ళున్నయంటే దోమలు, దోమలంటే డెంగీ. ఇగ మాటల్లేవ్. రేపు మోటర్ పెట్టి తోడేస్తం, మొరం పోసేస్తం. బోనాలకు షామియానా గూడ ఆడనే ఏసుకోవచ్చు."

నేను డైరీ పట్టుకుని లేచాను. "తమ్మీ, ఆ పిల్లలకు కాళ్ళు రావాలంటే నెల మీద కొన్ని రోజులు పడ్తది. కాళ్ళొస్తే వాటంతటవే ఒడ్డెక్కి పోతయ్. గప్పటిదాంక ఆగు."

"రాకపోతే?"

"వస్తయ్. పోయినేడు ముప్పై ఎనిమిదో రోజు మొదటిది ఒడ్డెక్కింది. రాసి పెట్టిన."

అక్కడితో కూర్చుంటే బాగుండేది. ఆఫ్రికా నదుల్లో ఉండే ఒక కప్ప గురించి పేపర్లో వచ్చిన ముక్కను కత్తిరించి డైరీలో అంటించుకున్నాను. అది కూడా పైకి చదివాను. ప్రపంచంలోకెల్లా పెద్ద కప్ప అదేనట. మూడు కిలోల దాకా తూగుతుందట. నది ఒడ్డున రాళ్ళు జరిపి, తన గుడ్ల కోసం తానే చిన్న మడుగు కట్టి, దానికి కాపలా కూడా కాస్తుందట. అడవులు కొట్టేయడం వల్లా, జనం పట్టుకు తినడం వల్లా ఇప్పుడు బాగా తరిగిపోయిందట. మన కప్ప అంత పెద్దది కాకపోయినా మన దేశంలో పెద్దవాటిలో ఒకటి, దానికి రాళ్ళు జరపడం చేతకాదు, మనం తవ్వి వదిలేసిన గుంతే దానికి దిక్కు, అని చెప్పడం నా ఉద్దేశం. సభ మూడు కిలోల దగ్గరే ఆగిపోయింది.

"మూడు కిలోలా? మా ఇంట్ల నాటుకోడి గూడ గంత తూగదు," అన్నారు ఒకరు.

"కూర ఎట్లుంటదో రాసిన్రా సారు?" అన్నాడు ప్రెసిడెంట్.

"రాయలే."

"మరి గదేం పేపరు!"

నవ్వులయ్యాక ఆయన కొంచెం మెత్తబడ్డాడు. వరి మడిలో చిన్నప్పుడు ఈ కప్పల అరుపు విని వాళ్ళ నాయన నారు సంగతి చూసుకునేవాడని చెప్పాడు. చివరికి గడువు ఇచ్చాడు. బోనాల ముందు శనివారం పొద్దున పది గంటలకు మొరం టిప్పర్లు రావడం మొదలవుతుంది. అంతలోపు కాళ్ళొస్తే వాటి అదృష్టం, రాకపోతే మొరం. మా వైపు బోనాలు శ్రావణంలో కాబట్టి నా లెక్క ప్రకారం రోజులు సరిపోతాయి, కొద్దిగా మిగులుతాయి కూడా.

"దోమలొస్తే మాత్రం మీదే పూచీ సారు."

"ఆ పిల్లలే దోమ పిల్లల్ని తింటయి తమ్మీ. నీళ్ళల్ల దోమ పిల్లల్ని తినేటిది ఏదున్నా మనకు సుట్టమే," అన్నాను. ఇంత అనవసరమైన వాక్యం నా ఉద్యోగంలో ఎప్పుడూ అనలేదు.

మర్నాటి నుంచి రోజూ ఏడింటికి తాడు కట్టిన బకెట్టును వాలుగా ఉన్న మూల నుంచి గుంతలోకి దించి, వచ్చిన నీళ్ళలో పిల్లల్ని లెక్కపెట్టి, మళ్ళీ నీళ్ళలోనే వదిలేవాణ్ణి. మొదటి రోజు నలభై ఒకటి.

మూడు రోజులకు మృగశిర కార్తె వచ్చింది. ఆ రోజు మా హైదరాబాద్‌లో చేప వండని ఇల్లు తక్కువ. మృగశిర నాడు చేప తింటే వానాకాలమంతా దగ్గూ ఆయాసం దగ్గరికి రావని నమ్మకం. తెల్లవారకముందే మార్కెట్లో కొర్రమట్టల కోసం జనం తోసుకుంటారు. మా ఆవిడ కూడా ఒకటి తెప్పించి పులుసు పెట్టింది. నేను మొదటి ముద్ద కలుపుకుంటుండగా గుంత వైపు నుంచి దబ్బుమని చప్పుడైంది.

చెయ్యి కడుక్కుని వెళ్ళాను. ప్రెసిడెంట్ ఖాళీ బకెట్టుతో గట్టు మీద నిలబడి ఉన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"సారు, మీ మాట యాదుంచుకున్న. రెండు దెచ్చిన. పులుసుకు ఒకటి, దోమలకు ఒకటి."

"ఏందది తమ్మీ?"

"కొర్రమట్ట. పానంతోనున్నది. మంచిగ ఎగురుతుండె. ఇగ దోమ పిల్లల్ని అన్నిట్ని దేవేస్తది."

"దోమ పిల్లల్నే గాదు, కప్ప పిల్లల్ని గూడ దేవేస్తది గదా!"

ఆయన ఖాళీ బకెట్టును గట్టు మీద బోర్లించాడు. "మీరే అంటిరి గదా సారు, తినేటిది ఏదున్నా సుట్టమని. సుట్టాన్ని దోల్కొచ్చిన."

దిగి పట్టుకుందామంటే నీళ్ళు ఛాతీ దాకా ఉన్నాయి, కింద ఎంత బురద ఉందో తెలియదు. ఇంటికి వచ్చి, సగం తిన్న పళ్ళెం ముందు కూర్చుని, కొర్రమట్ట జాతినంతా తిట్టాను. మా ఆవిడ పులుసు వడ్డిస్తూ అంది:

"కడుపుల ఒకటున్నది, గుంతల ఒకటున్నది. దేన్ని తిడ్తున్రో చెప్పి తిట్టుండ్రి."

ఆ తర్వాతి రోజుల్లో బకెట్టులో ముప్పై మూడు, ఇరవై నాలుగు, పదిహేను వచ్చాయి. నాకు నిద్ర సరిగా పట్టలేదు. గడువు దాకా ఆగితే చేపకు పూర్తి భోజనమే. ఇక మిగిలింది మా బావమరిది.

మా ఆవిడ తమ్ముడు మల్లాపూర్‌లో లేత్ వర్క్‌షాప్ నడుపుతాడు. ఆదివారమైతే గాలం పట్టుకుని నారపల్లి దాటి ఏదో ఒక నీటి ఒడ్డున కూర్చుంటాడు. విషయం విని సంబరంగా వచ్చాడు. గుంత చుట్టూ ఒకసారి తిరిగి, చెయ్యి చాపాడు.

"బావ, ఒక కప్పనియ్యి."

"ఎందుకు?"

"ఎందుకేంది, ఎరకు. కొర్రమట్ట పడాల్నంటే గాలానికి కప్పే గుచ్చాలె. చిన్నదైనా సరే."

"కప్పల్ని కాపాడేటందుకు నిన్ను పిలిస్తే కప్పనే అడుగుతవా?"

"గన్ని కప్పలున్నయంటివి. ఒకటి పోతే ఏమైతది?"

"లెక్క తప్పుతది."

మా ఆవిడ డాబా మీది నుంచి, "నువ్వు అడుగుతున్నది ఎవరినో సూస్కోని అడుగురా," అంది.

వాడు వానపాములు పెట్టాడు. పిండి ముద్ద పెట్టాడు. కోడి కార్జం ముక్క పెట్టాడు, అదీ రెండుసార్లు. రెండుసార్లూ గాలం ఖాళీగా వచ్చింది. నీళ్ళలో నానిపోయి ఊడిందని వాడన్నాడు. సాయంత్రం దాకా గట్టు మీద జనం మారారు గానీ పరిస్థితి మారలేదు.

అప్పుడు నాకు ఆలోచన వచ్చింది. పాత స్కూటర్ ట్యూబు కత్తిరించి, కొలతలు వేసి, రెండు రోజులు కూర్చుని రబ్బరు కప్పను చేశాను. ముక్కు నుంచి వెనక దాకా అచ్చం కప్పంత. వెనక కాళ్ళు నీళ్ళలో కదిలేలా సన్నగా చీల్చాను. గడపకు వేయగా మిగిలిన పసుపు రంగు డబ్బాలో ఉంటే అదే పూశాను. బావమరిది గాలం గుచ్చబోతే ఆపాను. ఫ్యాక్టరీలో ఏ ముక్కనూ పరీక్షించకుండా పైకి పంపేవాళ్ళం కాదు. ముందు ఉత్త తాడుతో దించి, నీళ్ళలో ఎలా తేలుతుందో చూద్దామన్నాను.

ఆ పొద్దున మళ్ళీ మంచి వాన పడి వెలిసింది. గుంతలో మిగిలిన మగకప్పలకు ఇంకోసారి హుషారు వచ్చింది. మా రబ్బరు కప్ప నీళ్ళను తాకి రెండు నిమిషాలు కాలేదు, అన్నిటికంటే పెద్ద మగది ఈదుకుంటూ వచ్చి దాని వీపెక్కి, చంకల కింద గట్టిగా పట్టుకుంది. తాడు కదిపితే ఇంకా గట్టిగా పట్టుకుంది. వదలడానికి గంటన్నర పట్టింది. అంతలో ఇంకో రెండు వచ్చి దానితో తగువు పెట్టుకున్నాయి.

"బావ," అన్నాడు బావమరిది, గట్టు మీద కూలబడి, "నువ్వు జేసింది ఎర గాదు, పెండ్లిపిల్ల."

ప్రెసిడెంట్ ఫోన్లో వీడియో తీశాడు. "సారు, కట్నం ఏమడుగుతున్రు?" అన్నాడు. అది మొత్తం కాలనీ గ్రూపులో పెట్టాడు.

మర్నాడు పెండ్లిపిల్లకు షూ పాలిష్ పూసి నల్లగా చేశాం. గాలం తగిలించాం. బావమరిది దాన్ని నీటి పైన టపటప గెంతిస్తూ లాగాడు. మూడోసారికి నీళ్ళు పేలినట్టయ్యాయి. గాలం కర్ర విల్లులా వంగింది. పది నిమిషాల కుస్తీ తర్వాత కొర్రమట్ట వాలు మూలలో బురద మీద పడి కొట్టుకుంటోంది.

"నా చేప!" అన్నాడు ప్రెసిడెంట్.

"నా గాలం," అన్నాడు బావమరిది.

"కప్ప ఎవరిది?" అన్నాను నేను. తర్వాత, తగువు పడకుండా, చేప ఇద్దరూ పంచుకోండి, నాకు దాని పొట్టలో ఏముందో చూపిస్తే చాలు అన్నాను. ఎన్ని పిల్లల్ని తిన్నదో లెక్క తేలాలి కదా. మా ఇంటి ముందు బండ మీదే కోశారు. అందులో నీటి పురుగులు కొన్ని, తోకకప్పలు రెండు, బావమరిది నానిపోయిందన్న కోడి కార్జం రెండు ముక్కలూ దొరికాయి.

"రెండేనా?" అన్నాడు ప్రెసిడెంట్. ఆ గొంతులో న్యాయం కోసం ఎదురుచూస్తున్న మనిషి వినిపించాడు.

"నిన్న మొన్న తిన్నవి అరిగిపోయి ఉంటయి," అన్నాను గానీ నాకే నమ్మకం కలగలేదు.

చేప పడ్డ రోజు పొద్దున బకెట్టులో పన్నెండు వచ్చాయి, మర్నాడూ అంతే ఉండాలి. తొమ్మిదే వచ్చాయి. చేప లేదు, అయినా తగ్గుతున్నాయి. బకెట్టు నీళ్ళను తెల్లటి పళ్ళెంలో పోసి, కళ్ళద్దాలు తుడుచుకుని వంగి చూశాను. బొటనవేలంత లావున్న పిల్ల ఒకటి తనకంటే చిన్నదాన్ని తల వైపు నుంచి మింగుతోంది. బయట తోక మాత్రం ఆడుతోంది. డైరీ వెనక పేజీలు తిప్పాను. మృగశిరకు ముందు రోజే నా చేతిరాతతో ఉంది: "పిల్లలు జతలు జతలుగా ఆడుకుంటున్నవి."

బోదురు కప్ప పిల్లలు మాంసం తింటాయి. దోమ పిల్లలు దొరికితే దోమ పిల్లలు, లేకపోతే తోబుట్టువులు. ఇది మూడేళ్ళుగా నా కళ్ళ ముందే జరుగుతోంది.

ప్రెసిడెంట్ ఇంటికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "తమ్మీ, తప్పు నాది. నీ చేప తిన్నది రెండే. మిగిలినయి వాటినవే తింటున్నయి."

నేను సిగ్గుపడుతుంటే ఆయనకు పట్టరాని నవ్వు వచ్చింది. "అంటే సొంత తమ్ముల్లనే మింగుతున్నయా? మా అన్నదమ్ముల లెక్కనే ఉన్నయి గద సారు! ఈ జాగల పుట్టినయ్ గదా, గట్లనే ఉంటయ్." లోపలికి కేకేసి చాయ్ తెప్పించాడు. ఆ రోజు నుంచి ఏడింటికి ఆయన కూడా బకెట్టు దగ్గరికి రావడం మొదలుపెట్టాడు. ఎవరు ఎవరిని మింగారో తెలుసుకోవాలని.

పెద్ద కప్పలు అరుపులు ముగించి గుంత వదిలి పోయాయి. రోజులు గడుస్తుంటే నాకు గుబులు పెరిగింది. మధ్యలో వారం రోజులు వాన లేక, మబ్బు పట్టి చల్లగా ఉంది. చల్లబడితే పిల్లలు ఆలస్యంగా ఎదుగుతాయి. ముప్పై ఎనిమిదో రోజు వచ్చింది, ఒక్కటీ ఒడ్డెక్కలేదు. వెనక కాళ్ళు వచ్చాయి, ముందువి రాలేదు. ప్రెసిడెంట్ వచ్చి బకెట్టులోకి వంగి చూసి వెళ్ళాడు. షామియానా వాళ్ళకు అప్పటికే చెప్పేశాడు, కాలనీ అందరికీ మాటిచ్చాడు. ఆయన మాట పోవడం కూడా నాకు ఇష్టం లేదు.

గడువుకు ముందు శుక్రవారం పొద్దున చాలావాటికి నాలుగు కాళ్ళున్నాయి, తోక సగం ఉంది. ఆరు పిల్లలకు మాత్రం ముందు కాళ్ళు రానేలేదు. వాటిని జల్లెడతో పట్టాను. ఒకే బకెట్టులో వేస్తే పొద్దునకు ఒకటే మిగులుతుంది. అందుకని వంటింట్లోంచి ఆరు గిన్నెలు తెచ్చి, ఒక్కోదాన్ని ఒక్కోదానిలో వేసి, డాబా మీద నీడలో వరుసగా పెట్టాను.

మా ఆవిడ వచ్చి చూసింది. "పాల గిన్నె గూడనా?"

"పెద్దది దానికే సరిపోయింది."

"బోనాల నాడు పరమాన్నం దేంట్ల వండాలె? నీ కప్పను అడుగు." కోపంలో మీరు అనడం మరిచిపోయింది. అయినా సాయంత్రం వాటి మీద తడిబట్ట ఆవిడే కప్పింది.

శనివారం తుంపర. ఎనిమిదింటికి గుంత దగ్గరికి వెళ్తే వాలు మూల మట్టి కదులుతున్నట్టు కనిపించింది. గోరంత తోక ముక్కలతో చిన్న కప్పలు ఒకదాని వెనక ఒకటి పైకి పాకుతున్నాయి. పైకి వచ్చి, రోడ్డు దాటి, మూతపడ్డ ఫ్యాక్టరీ ప్రహరీ పక్కనున్న పిచ్చిమొక్కల్లోకి పోవాలి. అటు వైపు చిన్న కాలువ ఉంది. టిప్పర్ వెనక్కి వచ్చి ఆనేది కూడా సరిగ్గా ఆ వాలు దగ్గరే.

తొమ్మిదిన్నరకే మొదటి టిప్పర్ వచ్చింది. డ్రైవర్ హారన్ కొట్టాడు. నేను అడగకముందే ప్రెసిడెంట్ లుంగీ ఎగగట్టి, కర్ర పట్టుకుని రోడ్డు మధ్యకు వచ్చాడు.

"ఆగు! ఇంజిన్ బంద్ జెయ్యి."

"పది గంటలకు పొయ్యమంటివి గదనే."

"పదింటికే పోస్తువు. ఇంక పది కాలే."

ఒక స్కూటర్ ఆపాడు, గ్యాస్ బండ్ల ఆటో ఆపాడు. ఆఫీసు టైమని ఎవరో తిడితే, "కప్పలు దాటుతున్నయ్, కండ్లు లేవా? నువ్వు పుట్టకముందు సంది ఈ జాగ వాటిది," అన్నాడు. పది దాటింది. పదిన్నర దాటింది. డ్రైవర్ దిగి చాయ్ తాగి వచ్చి, ఇంకా ఎన్నున్నాయని అడిగాడు. ఇద్దరం ఒకేసారి చేతులెత్తి ఆపాం, లెక్క తప్పుతుందని.

పదకొండుకు వాలు మీద కదలిక ఆగింది. ఇంకో పావుగంట ఆగి చూశాం. జల్లెడతో అంచులన్నీ దేవాను, ఏమీ రాలేదు.

"డాబా మీది ఆరు గాక ఇరవై ఏడు," అన్నాను.

"ముప్పై ఒకటి," అన్నాడు ప్రెసిడెంట్.

"ఇరవై ఏడే తమ్మీ. గీతలు పెట్టిన."

"మీరు స్కూటరాయనతోని మాట్లాడుతుంటే నాలుగు దాటినయ్. నేను సూసిన. మీరు సూడలే."

కాదని నేను అనలేను, అవునని రాయలేను. చూడనిది రాసే అలవాటు నాకు లేదు. అదే చెప్పాను. ఆయన నా చేతిలోంచి డైరీ తీసుకున్నాడు, పెన్ను తీసుకున్నాడు, నా ఇరవై ఏడు పక్కన పెద్ద అక్షరాలతో ముప్పై ఒకటి అని వేసి, కింద సంతకం పెట్టి, పేరు పక్కన ప్రెసిడెంట్ అని కూడా రాశాడు. సిరా ఆరేదాకా ఊది, పుస్తకం నాకిచ్చి, టిప్పర్ వైపు తిరిగి చెయ్యి ఊపాడు.